వేలు ఎంత కదిలితే గురి ఎంత కదలాలి: మొబైల్ షూటర్ ఆటల్లో సెన్సిటివిటీ లెక్క

ఎనిమీ మీకు పక్కగా నిలబడి ఉన్నాడు. మిమ్మల్ని ఇంకా చూడలేదు. స్కోప్ తెరిచి ఫైర్ నొక్కారు. మొదటి రెండు బుల్లెట్లు తగిలాయి. ఆ తర్వాత క్రాస్‌హెయిర్ (స్క్రీన్ మధ్యలో ఉండే గురి గుర్తు) అతని తల దాటి పైకి పోయింది. గాబరాగా కిందికి లాగితే కాళ్ల దగ్గరికి దిగింది. ఈలోపు అతను తిరిగి కాల్చాడు, మీరు నాక్, అంటే కూలబడిపోయారు. లాబీలోకి రాగానే వేలు సెట్టింగ్స్ మీదికే వెళ్తుంది. సెన్సిటివిటీ తగ్గించాలా, పెంచాలా?

ఈ ప్రశ్న దగ్గర నేను చాలాకాలం ఆగిపోయాను. పబ్‌జీ మొబైల్‌లో బాగా ఆడేవాళ్ల సెన్సిటివిటీ కోడ్ (వాళ్ల సెట్టింగ్స్‌ని మన ఆటలోకి తెచ్చుకునే కోడ్) ఎక్కడ కనిపించినా తెచ్చి పెట్టుకునేవాణ్ని. మొదటి రెండు మ్యాచ్‌లు బ్రహ్మాండంగా అనిపించేవి, మూడో రోజుకి మళ్లీ మామూలే. చివరికి ఒకరోజు నా ఆటని స్క్రీన్ రికార్డింగ్ చేసి, చచ్చిపోయిన ప్రతి ఫైట్‌నీ నెమ్మదిగా నడిపి చూశాను. చాలా ఫైట్లలో నేను ఫైర్ నొక్కే సమయానికే క్రాస్‌హెయిర్ నేలవైపు ఉంది. కొన్నింటిలో సరిగ్గా మనిషి మీదికి వెళ్లి, ఆగకుండా అవతలికి జారిపోయింది. ఒకట్రెండింటిలో నా తప్పేమీ లేదు, ఫోన్ వేడెక్కి బొమ్మ ఆగిపోయింది. ఈ మూడింటికీ నేను వాడుతున్న మందు మాత్రం ఒకటే: సెన్సిటివిటీ అంకె మార్చడం.

గురి తప్పడం ఒకే జబ్బు కాదు, చాలా జబ్బులకు కనిపించే ఒకే లక్షణం. సెన్సిటివిటీ వాటిలో ఒకటి రెండింటికి మాత్రమే పనిచేస్తుంది. ఏది దేనికో తెలియాలంటే ముందు ఆ అంకె నిజంగా చేసే పనేమిటో చూడాలి.

అంకె వెనక ఉన్న కోణం

స్క్రీన్ మీద వేలు ఇన్ని సెంటీమీటర్లు జరిగితే ఆటలో మీ చూపు ఇన్ని డిగ్రీలు తిరగాలి అని చెప్పే నిష్పత్తే సెన్సిటివిటీ. అంకె రెట్టింపు చేస్తే అంతే జరుపుకి చూపు రెండింతలు తిరుగుతుంది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. చాలామంది మరిచిపోయేది, వేలు చేసే పొరపాటు కూడా అదే నిష్పత్తిలో పెద్దదవుతుందని.

లెక్క వేసి చూద్దాం. 1 సెంటీమీటరు జరిపితే 30 డిగ్రీలు తిరిగేలా పెట్టుకున్నారనుకోండి. బొటనవేలి కొస మెత్తగా ఉంటుంది, గాజు మీద ఆనినచోట కాస్త అటూ ఇటూ నలుగుతుంది. 1 మిల్లీమీటరు తేడా రావడం చాలా మామూలు. అంటే 3 డిగ్రీల పొరపాటు. ఎనిమీ 10 మీటర్ల దూరంలో ఉంటే 3 డిగ్రీలంటే సుమారు అర మీటరు, దాదాపు మనిషి భుజాల వెడల్పు. కాస్త సవరిస్తే తగులుతుంది. అతనే 50 మీటర్ల దూరంలో ఉంటే అదే పొరపాటు 2.6 మీటర్లవుతుంది. బుల్లెట్ పక్కనున్న గోడకి తగులుతుంది. ఇప్పుడు సెన్సిటివిటీని అయిదో వంతుకు తగ్గించండి, 1 సెంటీమీటరుకి 6 డిగ్రీలు. అదే 1 మిల్లీమీటరు పొరపాటు 50 మీటర్ల దగ్గర మళ్లీ అర మీటరుకు వచ్చేస్తుంది.

అలాగని అంతా తగ్గించేస్తే సరిపోతుందా? 1 సెంటీమీటరుకి 6 డిగ్రీల లెక్కన వెనక్కి తిరగాలంటే, అంటే 180 డిగ్రీలకి, వేలు 30 సెంటీమీటర్లు ప్రయాణించాలి. ఫోన్ మొత్తం పొడవు దానిలో సుమారు సగమే. నాలుగైదు సార్లు వేలు ఎత్తి, పెట్టి, లాగి తిరిగేలోపు వెనకనుంచి వచ్చినవాడు పని పూర్తిచేస్తాడు. దగ్గరి ఫైట్‌కి వేగం కావాలి, దూరపు ఫైట్‌కి నిదానం కావాలి. ఒకే అంకె రెండూ ఇవ్వలేదు కాబట్టే ఒక్కో స్కోప్‌కి ఒక్కో స్లయిడర్ పెట్టారు. హై సెన్సి మంచిదా, లో సెన్సి మంచిదా అని వాదించుకునేవాళ్లు చాలాసార్లు వేర్వేరు దూరాల గురించి మాట్లాడుకుంటున్నారన్న సంగతి గమనించరు.

వేరేవాళ్ల కోడ్ మన చేతికి ఎందుకు కుదరదో కూడా ఇక్కడే తెలుస్తుంది. వాళ్ల స్క్రీన్ సైజు వేరు. వాళ్లు ట్యాబ్లెట్ మీద ఆడుతూ ఉండొచ్చు, నాలుగు వేళ్లతో పట్టుకుని ఉండొచ్చు, గైరో (ఫోన్‌ని వంచి గురిపెట్టే పద్ధతి) వాడుతూ ఉండొచ్చు. కోడ్‌లో వచ్చేవి అంకెలు మాత్రమే. వాళ్ల బొటనవేలు ఎన్ని సెంటీమీటర్లు జరుగుతుందన్నది ఆ కోడ్‌లో రాదు.

ఏ స్లయిడర్ ఎప్పుడు పనిచేస్తుంది

పబ్‌జీ మొబైల్ సెట్టింగ్స్‌లో కెమెరా సెన్సిటివిటీ, ఏడీఎస్ సెన్సిటివిటీ అని రెండు వరసలు కనిపిస్తాయి. ఏడీఎస్ అంటే స్కోప్‌లోంచి చూడటం అని మామూలు అర్థం. అందుకని స్కోప్ తెరవగానే ఈ రెండో వరస పనిచేస్తుందని అనుకుంటాం. ఈ ఆటలో అలా కాదు. స్కోప్ తెరిచి ఉన్నా, మీరు కాల్చనంతసేపూ పనిచేసేది కెమెరా వరసే. ఫైర్ నొక్కి పట్టుకుని వేలు జరుపుతున్నప్పుడు ఏడీఎస్ వరస అందుకుంటుంది. గైరోకి కూడా ఇలాగే రెండు వరసలు, కాల్చకముందు ఒకటి, కాలుస్తున్నప్పుడు మరొకటి.

ఈ చిన్న విషయం తెలియక జరిగే నష్టం చాలా ఎక్కువ. స్ప్రే (ఫైర్ నొక్కి పట్టి వరసగా కాల్చడం) పైకి పోతోందని 3ఎక్స్ స్కోప్, అంటే మూడింతలు పెద్దగా చూపే స్కోప్, కెమెరా సెన్సిటివిటీ మారుస్తాం. స్ప్రే అలాగే ఉంటుంది, ఇంతవరకూ బాగానే ఉన్న గురిపెట్టడం మాత్రం పాడవుతుంది. అప్పుడు దాన్ని సరిచెయ్యడానికి ఇంకోటి మారుస్తాం. గుర్తుపెట్టుకోవడం తేలికే: క్రాస్‌హెయిర్‌ని ఎనిమీ మీదికి తీసుకెళ్లేది కెమెరా వరస, తీసుకెళ్లాక అక్కడే నిలిపేది ఏడీఎస్ వరస.

కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్‌లో ఇంకో చిక్కుంది. రొటేషన్ మోడ్ అనే చోట ఫిక్స్‌డ్ స్పీడ్ ఉంటుంది, యాక్సిలరేషన్ ఉంటుంది. ఫిక్స్‌డ్‌లో వేలు ఎంత దూరం జరిగిందన్నదే లెక్క. స్పీడ్ యాక్సిలరేషన్‌లో ఎంత వేగంగా జరిపారన్నది కూడా కలుస్తుంది, అంతే దూరం విసురుగా లాగితే చూపు ఎక్కువ తిరుగుతుంది. నెమ్మదిగా గురిపెట్టడానికీ, విసురుగా వెనక్కి తిరగడానికీ ఒకే అంకె సరిపోతుందన్నది దాని లాభం. కానీ టెన్షన్‌లో వేలు వేగం మారిపోయే వాళ్లకి గురి ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. నేర్చుకునే దశలో ఫిక్స్‌డ్ స్పీడే పెట్టుకోమని నా గట్టి సలహా. వేలికి ఒకే లెక్క అలవాటు కావాలి.

ఫ్రీ ఫైర్‌లో స్లయిడర్లు తక్కువ: జనరల్, రెడ్ డాట్ (బొమ్మని పెద్దది చెయ్యని స్కోప్), 2ఎక్స్, 4ఎక్స్, స్నైపర్, ఫ్రీ లుక్. అక్కడ ఫైర్ బటన్‌నే పైకి లాగి హెడ్‌షాట్ కొట్టే అలవాటు ఉంది కాబట్టి, ఆ బటన్ సైజు, అది ఉన్న చోటు కూడా సెన్సిటివిటీ అంత ముఖ్యమే. ఒక ఆటలో 60కి, ఇంకో ఆటలో 60కి ఏ సంబంధమూ లేదని మాత్రం మనసులో ఉంచుకోండి.

ఇక స్కోప్‌ల మధ్య తేడా ఎంత ఉండాలి? 4ఎక్స్ స్కోప్ బొమ్మని నాలుగింతలు పెద్దది చేస్తుంది. చూపు ఒక డిగ్రీ తిరిగితే, మామూలుగా కంటే నాలుగింతలు ఎక్కువ దూరం ఎనిమీ బొమ్మ స్క్రీన్ మీద జరుగుతుంది. కాబట్టి వేలికి అదే పట్టు అనిపించాలంటే సెన్సిటివిటీ నాలుగో వంతు కావాలి. రెడ్ డాట్‌కి 48 పెట్టుకున్నవాళ్లు ఈ లెక్కన 2ఎక్స్‌కి 24, 3ఎక్స్‌కి 16, 4ఎక్స్‌కి 12, 6ఎక్స్‌కి 8 దగ్గర మొదలుపెట్టవచ్చు. ఇవి మొదలుపెట్టే చోట్లు మాత్రమే. కొన్ని ఆటలు ఈ భాగహారంలో కొంత లోపలే చేసేస్తాయి. కనిపెట్టడానికి ఒక పరీక్ష ఉంది. ట్రైనింగ్ గ్రౌండ్‌లో స్కోప్ తెరిచి, ఏదైనా గుర్తు స్కోప్ కుడి అంచున ఉండేలా నిలబడండి. దాన్ని మధ్యకి తేవడానికి వేలు ఎంత దూరం జరిగిందో చూడండి. స్కోప్ మార్చి మళ్లీ చెయ్యండి. అన్ని స్కోప్‌లకీ ఆ దూరం దాదాపు ఒకేలా ఉంటే మీ సెట్టింగ్ పొందికగా ఉన్నట్టు. 3ఎక్స్‌కి చిటికెడు జరిపి, 6ఎక్స్‌కి బారెడు జరపాల్సి వస్తే చేతికి రెండు భాషలు నేర్పుతున్నట్టు.

ఎలా తప్పుతోంది?

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే భాగం ఇది. 1899లో వుడ్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేతి కదలికల మీద చేసిన పరిశోధనలో ఒక సంగతి తేల్చాడు: మనం ఏదైనా గుర్తువైపు చెయ్యి చాపినప్పుడు కదలిక రెండు భాగాలుగా జరుగుతుంది. మొదట ఒక్క విసురు, అది దాదాపు ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. తర్వాత కళ్లతో చూస్తూ చేసుకునే చిన్న చిన్న సవరణ. ఫోన్ స్క్రీన్ మీద బొటనవేలు చేసేదీ అచ్చంగా ఇదే. ఒక విసురుతో ఎనిమీ దగ్గరికి, తర్వాత కొసరు సవరింపుతో అతని మీదికి.

రికార్డింగ్‌లో ఆ మొదటి విసురుని చూడండి. క్రాస్‌హెయిర్ ప్రతిసారీ ఎనిమీని దాటిపోయి వెనక్కి వస్తోందా? ఆ స్కోప్‌కి కెమెరా సెన్సిటివిటీ ఎక్కువైంది. ప్రతిసారీ ముందే ఆగిపోయి ఇంకాస్త లాగాల్సి వస్తోందా? తక్కువైంది. ఒకసారి దాటి, ఒకసారి ముందే ఆగి, రెండు పక్కలా సమానంగా తప్పుతోందా? అప్పుడు అంకె సరిగ్గానే ఉంది. లోపం అలవాటులోనో, వేలు జారడంలోనో, ఫోన్‌లోనో ఉంది. ఈ మూడో రకం మనిషి సెన్సిటివిటీ మారిస్తే నేర్చుకున్న కాస్త కూడా పోగొట్టుకుంటాడు. నేను చాలాకాలం ఆ మూడో రకమే. ఒకే పక్కకి తప్పితే సెట్టింగ్, రెండు పక్కలా తప్పితే సాధన. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంటుందంటే అది ఇదే కావాలని నా కోరిక. పది, పదిహేను ఫైట్లు చూసి లెక్క రాసుకుంటే చాలు, తేలిపోతుంది.

1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనికి ఒక సూత్రం ఇచ్చాడు. గుర్తుని చేరడానికి పట్టే సమయం, గుర్తు ఎంత దూరంలో ఉంది, ఎంత వెడల్పుగా ఉంది అన్న రెండింటి మీదే ఆధారపడుతుంది. దూరం రెట్టింపైతే ఎంత సమయం పెరుగుతుందో, వెడల్పు సగమైనా అంతే పెరుగుతుంది. ఎనిమీ వెడల్పు మన చేతిలో లేదు. దూరం మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది. పరిగెత్తేటప్పుడు క్రాస్‌హెయిర్ నేలవైపు కాకుండా, మనిషి తల ఎత్తులో, ఎనిమీ బయటికొచ్చే అవకాశమున్న తలుపు అంచు దగ్గరో గోడ మలుపు దగ్గరో పెట్టుకుంటే వేలు జరగాల్సిన దూరం సగానికి సగం తగ్గుతుంది. మెట్లెక్కేటప్పుడు చూపు పై మెట్టు మీద కాదు, మెట్లయ్యాక నిలబడే మనిషి తల ఉండే చోట ఉండాలి. దీనికి ఏ స్లయిడరూ అక్కర్లేదు. బాగా ఆడేవాళ్ల ఎయిమ్ అంత వేగంగా కనిపించడానికి ప్రధాన కారణం వాళ్ల వేలు ఎక్కువ దూరం జరగాల్సిన అవసరం లేకపోవడమే. జాయ్‌స్టిక్‌ని కూడా వాడండి. ఎనిమీ క్రాస్‌హెయిర్‌కి అంగుళం కుడిపక్కన ఉంటే కుడి బొటనవేలితో తంటాలు పడేకంటే, ఎడమ వేలితో అర అడుగు కుడికి జరిగితే గురి తనే వచ్చి కూర్చుంటుంది.

ఇక రీకాయిల్, అంటే కాల్చినప్పుడు గన్ ఎగదన్నడం. పబ్‌జీ మొబైల్‌లో ఏకేఎం అనే గన్ నిమిషానికి 600 బుల్లెట్ల వేగంతో కాలుస్తుంది, అంటే సెకనుకి పది. కంటితో చూసి చెయ్యి స్పందించడానికి మనిషికి సుమారు 0.2 సెకన్లు పడుతుంది. క్రాస్‌హెయిర్ పైకి లేవడం చూసి, సరే కిందికి లాగుదాం అనుకునేలోపే రెండు బుల్లెట్లు వెళ్లిపోయి ఉంటాయి. అందుకే రీకాయిల్‌ని చూసి సరిచేసేవాళ్లు ఎప్పుడూ వెనకబడే ఉంటారు. మొదటి బుల్లెట్‌తో పాటే వేలు కిందికి కదలడం మొదలవ్వాలి. గన్ ఏ వేగంతో పైకి లేస్తుందో చేతికి ముందే తెలిసి ఉండాలి. గోడ మీద ఒక చుక్క పెట్టుకుని, 30 బుల్లెట్ల మ్యాగజైన్ ఖాళీ చేసి, రంధ్రాల ఆకారం చూడటం పాత పద్ధతే గానీ అంతకంటే నిజాయితీగా చెప్పేది ఇంకోటి లేదు. రంధ్రాలు నిలువుగా పైకి పాకితే, వేలు స్క్రీన్ అడుగుకి చేరిపోయినా చాలకపోతే ఏడీఎస్ పెంచండి. చుక్క కిందికి దిగితే తగ్గించండి. మధ్యలో లావుగా ఉండి, పక్కలకి చెదిరితే అది గన్ పక్కలకి ఊగడం. దాన్ని ఏ సెన్సిటివిటీ ఆపలేదు. గన్ ఊపు తగ్గించే అటాచ్‌మెంట్లు, అంటే కాంపెన్సేటర్, సరైన గ్రిప్ పెట్టుకోవడం, కూర్చుని కాల్చడం, లేదా నాలుగైదు బుల్లెట్ల విడతలుగా కాల్చడమే దారి.

గురి సరిగ్గా ఉన్నా బుల్లెట్ తగలని సందర్భం కూడా ఉంది. పబ్‌జీలో ఎం416 అనే గన్ బుల్లెట్ సెకనుకి 880 మీటర్లు వెళ్తుంది. 200 మీటర్ల దూరం చేరడానికి దానికి 0.23 సెకన్లు కావాలి. సెకనుకి 6 మీటర్ల వేగంతో పరిగెత్తే ఎనిమీ ఆలోపు దాదాపు 1.4 మీటర్లు ముందుకి పోతాడు. సరిగ్గా అతని మీదే పెట్టి కాల్చినవాడికి ఒక్క బుల్లెట్ కూడా తగలదు, సెన్సిటివిటీ పాడైందనుకుంటాడు. ముందు పెట్టి కాల్చడం నేర్చుకోవడమే దీనికి మందు.

ఎయిమ్ అసిస్ట్ గురించి ఒక్క మాట. దగ్గరి దూరాల్లో క్రాస్‌హెయిర్ ఎనిమీ దగ్గరికి రాగానే వేగం తగ్గించడం, అతను కదిలితే కాస్త వెంట లాగడం దాని పని. అది ఆన్‌లో ఉన్నప్పుడు మీకు అనిపించే సెన్సిటివిటీ, గోడ మీద సాధన చేస్తున్నప్పుడు అనిపించేదీ ఒకటి కావు. దగ్గరి ఫైట్లకి అంకె కుదుర్చుకునేటప్పుడు కదిలే మనుషుల మీదే, టీడీఎం (టీమ్ డెత్‌మ్యాచ్) లాంటి చోటే చూసుకోండి.

గైరో

ఫోన్‌లో గైరోస్కోప్ అనేది వెంట్రుక కంటే సన్నని భాగాలున్న చిన్న చిప్. అందులో నిరంతరం కంపిస్తూ ఉండే ఒక ముక్క, ఫోన్ తిరిగినప్పుడు పక్కకి నెట్టుకుపోతుంది. ఆ నెట్టుడుని కొలిచి ఫోన్ ఎంత వేగంతో తిరుగుతోందో చెబుతుంది. గైరో సెన్సిటివిటీ కూడా నిష్పత్తే, కానీ ఇక్కడ సెంటీమీటర్ల బదులు డిగ్రీలు: ఫోన్ ఇంత వంగితే చూపు ఇంత వంగాలి.

రీకాయిల్‌కి గైరో ఎందుకంత బాగా పనికొస్తుందో తెలుసుకోవాలి. బొటనవేలికి స్క్రీన్ అంచు ఉంది, మణికట్టుకి లేదు. వేలు చెమటకి జారుతుంది, ఫోన్ వంచడంలో ఆ రాపిడి గొడవే లేదు. పైగా కుడి బొటనవేలు ఫైర్ బటన్ మీద ఉండిపోవచ్చు. స్క్రీన్ సైజుతో సంబంధం లేదు కాబట్టి ఫోన్ మారినా గైరో అంకెలు టచ్ అంకెల కంటే మెరుగ్గా వెంట వస్తాయి.

కానీ ఓపిక కావాలి. మొదటి వారం ఆట కచ్చితంగా దిగజారుతుంది, అది తప్పదు. ఆల్వేస్ ఆన్ పెట్టుకుని బెంబేలెత్తే బదులు, స్కోప్ తెరిచినప్పుడు మాత్రమే పనిచేసేలా పెట్టుకుని మొదలుపెట్టండి. ఎనిమీ వైపు తిరగడం వేలితో, అతని మీద నిలపడం మణికట్టుతో. వుడ్‌వర్త్ చెప్పిన రెండు భాగాలని రెండు అవయవాలకి పంచినట్టు. ఒకే భంగిమలో కూర్చుని ఆడండి. ఈరోజు కుర్చీలో, రేపు పడుకుని ఆడితే మణికట్టు ప్రతిసారీ కొత్తగా మొదలుపెడుతుంది. ఏమీ కదపకుండా ఫోన్ బల్ల మీద పెట్టినా చూపు నెమ్మదిగా ఒక పక్కకి జారుతుంటే అది సెన్సార్ డ్రిఫ్ట్. కాలిబ్రేట్ చెయ్యండి, ఫోన్ చల్లబడ్డాక మళ్లీ చూడండి. కొన్ని చవక ఫోన్లలో అసలు గైరోస్కోప్ చిప్పే ఉండదు, మిగతా సెన్సార్ల రీడింగ్‌తో ఊహించి లెక్క చెబుతాయి. అలాంటి ఫోన్ మీద గైరో నేర్చుకోవడానికి కష్టపడకండి.

ఫోన్ చేసే తప్పులు

టచ్ శాంప్లింగ్ రేటు 240 హెర్ట్జ్ అంటే వేలు ఎక్కడుందో ఫోన్ సెకనుకి 240 సార్లు, అంటే ప్రతి 4.2 మిల్లీసెకన్లకి ఒకసారి చూస్తుంది. ఆట 60 ఎఫ్‌పీఎస్‌లో, అంటే సెకనుకి 60 బొమ్మలతో, నడుస్తుంటే కొత్త బొమ్మ 16.7 మిల్లీసెకన్లకి ఒకసారి, 90లో అయితే 11.1కి, 120లో అయితే 8.3కి వస్తుంది. రెండూ ఎక్కువగా ఉంటే మంచిదే. అయితే ఎంత ఎక్కువ అన్నదాని కంటే ఎంత నిలకడగా అన్నదే ఎయిమ్‌కి కీలకం. 90 వస్తూ ఫైట్ మధ్యలో 45కి పడిపోయే ఫోన్ కంటే, కదలకుండా 60 ఇచ్చే ఫోన్ మేలు. ఫ్రేమ్ ఆగి ఒక్కసారి దూకినప్పుడు వేలు చేసిన సవరణంతా ఒకేసారి స్క్రీన్ మీద పడుతుంది, క్రాస్‌హెయిర్ ఎనిమీని దాటిపోతుంది. చూసేవాళ్లకి అది సెన్సిటివిటీ ఎక్కువైనట్టే కనిపిస్తుంది. గ్రాఫిక్స్ తగ్గించి ఫ్రేమ్ రేటు నిలబెట్టుకోండి. నీడలు, గడ్డి అందం తర్వాత చూసుకోవచ్చు.

ఛార్జింగ్ పెట్టి ఆడితే రెండు దెబ్బలు. ఫోన్ వేడెక్కి ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. సరిగ్గా లేని ఛార్జర్ అయితే దాని విద్యుత్ రొద టచ్ ప్యానెల్‌లోకి చేరి, నొక్కని చోట నొక్కినట్టు, లాగింది ఆగినట్టు చూపిస్తుంది. మందమైన స్క్రీన్ గార్డ్ టచ్ సిగ్నల్‌ని బలహీనం చేస్తుంది. ఇక చెమట. మొదటి మ్యాచ్‌లో పొడిగా ఉన్న వేలు గాజు మీద ఆగుతూ కదులుతుంది, మూడో మ్యాచ్‌కి జారుతుంది. అంకె అదే, రాపిడి వేరు. పలుచని వేలి తొడుగులు పనికొచ్చేది ఇందుకే. అవి వేలిని వేగంగా చెయ్యవు, ప్రతిరోజూ ఒకేలా ఉంచుతాయి.

డెవలపర్ ఆప్షన్స్‌లో ఆటగాళ్లు డీపీఐ అని పిలుచుకునే స్మాలెస్ట్ విడ్త్ అంకె పెంచితే హెడ్‌షాట్లు వస్తాయని చాలామంది నమ్ముతారు. ఆ అంకె స్క్రీన్ మీద అక్షరాలు, బటన్లు ఎంత పెద్దగా కనిపించాలో నిర్ణయిస్తుంది. టచ్ ప్యానెల్ వేలిని చదివే సూక్ష్మతని అది పెంచలేదు. ఏదైనా ఆట ఆ అంకెని తన లెక్కలో వాడుకుంటే చూపు తిరిగే వేగం మారొచ్చు. అలా మారినా జరిగింది సెన్సిటివిటీ స్లయిడర్‌ని దొడ్డిదారిన తిప్పడమే. ఆ స్లయిడర్ ఆటలోనే ఉంది కదా. సెన్సిటివిటీ పెంచుతామనే బయటి యాప్‌ల జోలికి, ఫైళ్లు మార్చే పద్ధతుల జోలికి అసలు వెళ్లొద్దు. ఐడీ బ్యాన్ అయితే ఏళ్ల ఆట పోతుంది.

వేళ్ల సంఖ్య విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రెండు బొటనవేళ్లతో ఆడేటప్పుడు కుడి వేలే గురిపెట్టాలి, అదే ఫైర్ నొక్కాలి, అదే స్కోప్ తెరవాలి. ఎడమ చూపుడు వేలికి ఫైర్ బటన్ ఇచ్చి మూడు వేళ్లకి మారితే కుడి బొటనవేలికి గురి ఒక్కటే పని మిగులుతుంది. చాలామందికి ఇది ఏ సెట్టింగ్ కంటే ఎక్కువ లాభమిస్తుంది. నాలుగు, అయిదు వేళ్లు ఆ తర్వాత మీ చేతి సైజుని బట్టి.

సొంత అంకె వెతుక్కోవడం

ఇదంతా చూసుకున్నాక, అంకె దగ్గరికి. ట్రైనింగ్ గ్రౌండ్‌లో గోడకి వీపు ఆనించినట్టు నిలబడండి. బొటనవేలు మీకు సహజంగా ఆనే చోట పెట్టి, సాగదియ్యకుండా హాయిగా ఒక్కసారి లాగండి. స్కోప్ లేకుండా ఆ ఒక్క లాగుడుకి సరిగ్గా వెనక్కి, గోడవైపు తిరగాలి. తిరగకపోతే పెంచండి, దాటితే తగ్గించండి. ఇది పునాది. ఆ లాగుడు స్క్రీన్ మీద ఎన్ని సెంటీమీటర్లో స్కేలుతో కొలిచి ఒక కాగితం మీద రాసుకోండి.

తర్వాత రెడ్ డాట్. ఏదో ఒక అంకె పెట్టి, రెండు గుర్తుల మధ్య క్రాస్‌హెయిర్‌ని విసురుగా ఇరవై సార్లు మార్చండి. దాటినవెన్ని, ముందే ఆగినవెన్ని? ఒక పక్కకి మొగ్గితే 10 శాతం మార్చి మళ్లీ ఇరవై. రెండు పక్కలా సమానమయ్యాక ఆపెయ్యండి. మిగతా స్కోప్‌లు పైన చెప్పిన భాగహారంతో పెట్టి, ఒక్కోదాన్నీ ఇలాగే సరిచూసుకోండి. ఏడీఎస్ వరసని గోడ మీద మ్యాగజైన్ పరీక్షతో, మీరు నిజంగా వాడే గన్, నిజంగా దొరికే అటాచ్‌మెంట్లతోనే కుదుర్చుకోండి. అన్ని అటాచ్‌మెంట్లూ పెట్టుకుని కుదుర్చుకున్న అంకె, ఉత్త గన్ దొరికిన మొదటి ఫైట్‌లోనే తేలిపోతుంది.

ఆ తర్వాత కనీసం రెండు వారాలు ఏదీ ముట్టుకోవద్దు. ఇది అన్నిటికంటే కష్టమని నాకు తెలుసు. ఒక చెడ్డ రోజు రాగానే వేలు సెట్టింగ్స్ వైపు లాగుతుంది. ఆ రోజు రికార్డింగ్ చూడండి, తప్పులు ఒక పక్కకే ఉన్నాయేమో లెక్కపెట్టండి. ఒక్క రోజు లెక్క చాలదు, నాలుగైదు రోజులవి కలిపి చూడండి.

సాధన ఎలా చెయ్యాలన్నదానికి 1979లో షే, మోర్గాన్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగం నాకు చాలా ఉపయోగపడింది. చేతి కదలికలు నేర్చుకునేవాళ్లని రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపు ఒక్కో కదలికనీ వరసగా పూర్తిచేసి తర్వాతి దానికి వెళ్లింది. రెండో గుంపు అన్నిటినీ కలగాపులగంగా చేసింది. సాధన జరుగుతున్నంతసేపూ మొదటి గుంపే బాగా చేసింది. తర్వాత పరీక్ష పెడితే రెండో గుంపుకే బాగా గుర్తుంది. అరగంట ఒకే గోడ మీద స్ప్రే కొట్టి, అబ్బ, చెయ్యి కుదిరిందనుకోవడం ఆ మొదటి గుంపు సంతోషమే. ఒక స్ప్రే, వెంటనే దగ్గరి గుర్తు మీద విసురు, తర్వాత 4ఎక్స్‌తో ఒక్కో బుల్లెట్‌గా ట్యాప్, ఆ తర్వాత కదులుతూ కాల్చడం, ఇలా కలిపి చెయ్యండి. చేస్తున్నప్పుడు చిరాకుగా ఉంటుంది, అంకెలు తక్కువగా కనిపిస్తాయి. నిజం మ్యాచ్‌లో ఫైట్లు వచ్చేది మాత్రం ఆ వరసలోనే. మ్యాచ్‌లకి ముందు పదిహేను నిమిషాలు ఇలా చేస్తే చాలు. వేళ్లు నొప్పెట్టే దాకా చెయ్యకండి, అలసిన వేలు తప్పుడు కదలికనే నేర్చుకుంటుంది.

ఎప్పుడో ఒకప్పుడు ఫోన్ మారుతుంది. పాత అంకెలు కొత్త ఫోన్‌లో పెట్టి, ఎయిమ్ పోయిందని దిగులుపడేవాళ్లని చాలామందిని చూశాను. అప్పుడు ఆ కాగితం తియ్యండి. వెనక్కి తిరగడానికి మీ వేలికి అలవాటైన లాగుడు 5 సెంటీమీటర్లని రాసి ఉంటే, కొత్త ఫోన్ మీద స్కేలు పెట్టి అదే 5 సెంటీమీటర్లకి సరిగ్గా వెనక్కి తిరిగేదాకా స్లయిడర్ జరపండి. అక్కడ కనిపించే అంకె పాతదానికి ఎంత దూరంలో ఉన్నా పట్టించుకోవద్దు.